ఒంట్లో కొవ్వు, రక్తంలో కొరత: ఎంజైములు, సూక్ష్మ మూలకాలు, ఊబకాయం

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అదే వయసు మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో ఆ అంకెలు 30.1, 57.6. లావుగా ఉన్నవాళ్లు వేరు, రక్తం తక్కువున్నవాళ్లు వేరు అనుకుంటాం కానీ రెండూ ఒకే మనిషిలో ఉండటం వైద్యులకు కొత్తేమీ కాదు. కడుపు నిండా తింటున్న మనిషికి ఇనుము ఎందుకు తక్కువవుతుంది?

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి వార్తలు మొదలైనప్పటి నుంచి ఈ ప్రశ్న చుట్టూ ఇంకో వ్యాపారం కూడా పెరిగింది. జింకు, క్రోమియం, సెలీనియం మాత్రలను ‘మెటబాలిజం పెంచేవి’ అంటూ అమ్ముతున్నారు. వాటి ప్రకటనల్లో వాదన దాదాపు ఒకటే: ఊబకాయుల రక్తంలో ఫలానా మూలకం తక్కువ ఉందని పరిశోధనల్లో తేలింది కాబట్టి, అది వేసుకుంటే బరువు తగ్గుతుంది. ఇందులో మొదటి సగం చాలావరకు నిజమే. రెండో సగం మాత్రం దాని నుంచి రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ఎంజైము లోపల లోహం ఏం పని చేస్తుందో చూడాలి.

ముందుగా నాలుగు మాటలు

ఎంజైము అంటే ఒక ప్రోటీను. ఒంట్లో జరగాల్సిన ఒక రసాయన చర్యను వేగంగా జరిపించి, తాను ఖర్చు కాకుండా మిగులుతుంది. అలాంటి వేల చర్యలన్నీ కలిసినదే జీవక్రియ. తిన్నదాన్ని విడగొట్టి శక్తి తీయడం అందులో ఒక వైపు, మిగిలినదాన్ని కొవ్వుగానో కండగానో కట్టుకోవడం మరో వైపు. ‘మెటబాలిజం’ అనే పేరుతో తిప్పి వేగం పెంచుకునే మీట ఒక్కటంటూ ఒంట్లో ఎక్కడా లేదు. కొవ్వును కట్టే ఎంజైములు చురుకైనా అది జీవక్రియ పెరగడమే.

సూక్ష్మ మూలకాలు రోజుకు మిల్లీగ్రాముల్లోనో మైక్రోగ్రాముల్లోనో కావలసినవి. ఇనుము, జింకు, రాగి, మాంగనీసు, అయోడిను, సెలీనియం, మాలిబ్డినం ఈ జాబితాలో ఖాయంగా ఉంటాయి. క్రోమియం ఉండాలా వద్దా అన్నదానిపై ఇంకా తగువు ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఊబకాయాన్ని బీఎంఐతో కొలుస్తారు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. 1.65 మీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉన్న మనిషికి ఎత్తు వర్గం 2.72, బీఎంఐ దాదాపు 26.5. ప్రపంచవ్యాప్తంగా వాడే కొలత ప్రకారం ఇది అధిక బరువు మాత్రమే, ఊబకాయం 30 దగ్గర మొదలవుతుంది. భారతీయులకు వైద్యులు వాడుతూ వచ్చిన హద్దుల్లో మాత్రం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మనలో అదే బీఎంఐ దగ్గర పొట్ట లోపలి కొవ్వు ఎక్కువగా ఉండటమే ఈ తేడాకు కారణం. నడుము చుట్టుకొలత హద్దు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. పైన చెప్పిన సర్వే అంకెలకు బీఎంఐ 25నే హద్దుగా తీసుకున్నారు.

లోహం తీసేస్తే ఎంజైము ఏమవుతుంది

దీన్ని చూడటానికి పరిశోధనశాల దాకా వెళ్లక్కర్లేదు, రక్తపరీక్ష కేంద్రంలో జరిగే ఒక పొరపాటు చాలు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పనిచేయాలంటే దానిలో జింకు, మెగ్నీషియం ఉండాలి. ఈ పరీక్షకు రక్తాన్ని సీరం గొట్టంలో తీయాలి; సీరం అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. పొరపాటున ఊదారంగు మూత గొట్టంలో తీస్తే ఫలితం దారుణంగా తక్కువ వస్తుంది. ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం కాల్షియంతో పాటు జింకునూ మెగ్నీషియాన్నీ లాగేసుకుంటుంది. ప్రోటీను అక్కడే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది.

ఎంజైము పనిని యూనిట్లలో కొలుస్తారు. నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగలిగితే అది ఒక యూనిట్. ఫాస్ఫటేజులు ఫాస్ఫేటును విడుదల చేస్తాయి కాబట్టి, విడుదలైన ఫాస్ఫరస్‌ను కొలిస్తే పని ఎంత జరిగిందో తెలుస్తుంది. అలా కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం తర్వాత నీలిరంగు ఇస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ కొలతే ఆయన్ను కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికీ, ఏటీపీ దగ్గరికీ తీసుకెళ్లింది. జీవక్రియ మొత్తానికీ శక్తినిచ్చే అణువు గురించి మనకు తెలిసినదాంట్లో ఈ తెలుగువాడి చేతి పని చాలా ఉంది.

ఇక అసలు లెక్క. ప్రతి లోహ ఎంజైమూ తన లోహాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. ఎంజైము అణువుల్లో సగం లోహంతో నిండటానికి కావలసిన గాఢత అది. దాన్ని 1 అనుకుందాం. కణంలో స్వేచ్ఛగా దొరికే జింకు 100 అనుకుందాం. కార్బానిక్ అన్‌హైడ్రేజ్ లాంటి జింకు ఎంజైములు లోహాన్ని నిజంగానే ఇంత గట్టిగా పట్టుకుంటాయి. నిండిన అణువుల వాటా 100ను 101తో భాగిస్తే వచ్చేది, అంటే 99 శాతం. జింకును రెట్టింపు చేస్తే 200ను 201తో భాగించాలి, 99.5 శాతం. లాభం అర శాతం. అదే జింకు 1కి పడిపోతే 1ని 2తో భాగించాలి, సగం ఎంజైము ఖాళీ. బండికి చక్రం ఊడితే బండి కదలదు, కానీ మూడో చక్రం తగిలించినంత మాత్రాన వేగం పెరగదు. కొరత ఉన్నవాళ్లకు లోహం ఇస్తే మేలు కనిపించడానికీ, కొరత లేనివాళ్లకు ఇస్తే ఏమీ కనిపించకపోవడానికీ మూలం ఈ లెక్కలోనే ఉంది.

థైరాయిడ్ దగ్గర మూడు మూలకాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. హార్మోను తయారవ్వాలంటే అయోడిను కావాలి. అయోడినును హార్మోనులో అతికించే థైరాయిడ్ పెరాక్సిడేజ్ ఎంజైములో ఇనుము ఉంటుంది. తయారైన హార్మోను టీ4 నుంచి ఒక అయోడినును తీసి, చురుకైన టీ3గా మార్చే డీఅయోడినేజుల్లో సెలీనియం ఉంటుంది. అందుకే తీవ్రమైన ఇనుము కొరత ఉన్నవాళ్లు అయోడిను ఉప్పు తింటున్నా దాన్ని సరిగ్గా వాడుకోలేరు. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఊబకాయం ఉన్న చాలామందిలో థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను కొద్దిగా ఎక్కువ కనిపిస్తుంది, బరువు తగ్గాక అది మళ్లీ దిగుతుంది. అంటే వాళ్లలో థైరాయిడ్ లోపం బరువుకు కారణం కాకపోవచ్చు, బరువే ఆ అంకెకు కారణం కావచ్చు. ఏది కారణం, ఏది ఫలితం అన్న ఈ ప్రశ్న ప్రతి మూలకం దగ్గరా మళ్లీ మళ్లీ వస్తుంది.

కొవ్వు కణంలో ఎవరి పని ఏమిటి

భోజనం తర్వాత ఇన్సులిన్ పెరుగుతుంది. లైపోప్రోటీన్ లైపేజ్ రక్తంలోని కొవ్వును విడగొట్టి కణంలోకి పంపుతుంది. కొవ్వు కణజాలంలో ఇది భోజనం తర్వాత చురుకవుతుంది, కండరాల్లో ఉపవాసం ఉన్నప్పుడు చురుకవుతుంది. పిండిపదార్థం ఎక్కువైతే ఎసిటైల్ కోఎంజైమ్-ఎ కార్బాక్సిలేజ్, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ కలిసి ముఖ్యంగా కాలేయంలో కొత్త కొవ్వు ఆమ్లాలు కడతాయి. వాటికి ఒక ద్విబంధం చేర్చి నిల్వకు అనువుగా మార్చేది ఎస్‌సీడీ1 అనే ఇనుము ఎంజైము. ఇది లేని చుంచెలుకలు కొవ్వు తిండి పెట్టినా లావెక్కవని 2002లో తేలింది. కానీ వాటి చర్మం, కళ్లు దెబ్బతిన్నాయి. కొవ్వు బయటికి రావాలంటే మరో జట్టు లైపేజులు పనిచేయాలి, ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపు అవి అణిగి ఉంటాయి.

వీటితో పాటు చెప్పుకోవలసింది 11బీటా-హెచ్‌ఎస్‌డీ1 అనే ఎంజైము. పనిలేని కార్టిసోన్‌ను ఇది కొవ్వు కణం లోపలే చురుకైన ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌గా మారుస్తుంది. రక్తపరీక్షలో కార్టిసాల్ మామూలుగా ఉన్నా పొట్ట లోపలి కొవ్వులో మాత్రం ఎక్కువ ఉండవచ్చు. కొవ్వు కణజాలంలో ఈ ఎంజైమును పెంచిన చుంచెలుకలకు పొట్ట పెరిగి, ఇన్సులిన్ సరిగా పనిచేయకుండా పోయిందని 2001లో చూపించారు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ పరిశోధనలో సొంత చోటుంది. అక్కడ దశాబ్దాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకల్లో 1996లో ఒక ఉత్పరివర్తనం బయటపడింది. డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అని పేరు పెట్టిన ఈ ఎలుకలు విపరీతంగా తింటాయి, విపరీతంగా లావెక్కుతాయి, సంతానానికి పనికిరావు. ఇన్సులిన్, ఇక తిండి చాలని మెదడుకు చెప్పే లెప్టిన్ రెండూ రక్తంలో చాలా ఎక్కువగా ఉన్నా ఒళ్లు వాటిని లెక్కచేయదు. మారిన జన్యువు ఒక్క నకలు మాత్రమే ఉన్న వాహక ఎలుకల జంటకు పుట్టే పిల్లల్లో సన్నవి, వాహకాలు, లావువి 1:2:1 నిష్పత్తిలో వస్తాయి. ఊబకాయం బయటికి కనిపించడం సుమారు 35 రోజుల వయసు నుంచి మొదలవుతుంది.

ఈ ఎలుకలకు కిలో దాణాలో 2.6 మిల్లీగ్రాములకు బదులు 129 మిల్లీగ్రాముల విటమిన్-ఎ పెట్టినప్పుడు బరువు, కొవ్వు తగ్గాయి, 11బీటా-హెచ్‌ఎస్‌డీ1 పని కూడా తగ్గింది. విటమిన్-ఎ సూక్ష్మ మూలకం కాదు, అయినా ఇది ఇక్కడ అవసరమైన ఉదాహరణ. ఒక పోషకం ఎంజైము జన్యువునే అణచగలదని ఇది చూపింది. అదే సమయంలో ఆ మోతాదు మామూలుకు దాదాపు 50 రెట్లు. మనుషుల్లో అన్ని రెట్లు చాలాకాలం వాడితే కాలేయం, ఎముకలు పాడవుతాయి. ఎలుకలో ఏ దారిన పని జరిగిందో తెలిసినంత మాత్రాన మనిషికి మాత్ర దొరికినట్టు కాదు.

ఇనుము: ఉన్నా అందని లోహం

మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు హెప్సిడిన్ అనే చిన్న హార్మోనులో ఉంది. 25 అమైనో ఆమ్లాల పొడవున్న దీన్ని కాలేయం తయారు చేస్తుంది. పేగు కణాలనుంచీ, పాత ఎర్రకణాలను కూల్చే మాక్రోఫేజుల నుంచీ ఇనుము రక్తంలోకి రావడానికి ఫెర్రోపోర్టిన్ అనే ఒకే ఒక ద్వారం ఉంది. హెప్సిడిన్ దానికి అంటుకుని ఆ ద్వారాన్నే నాశనం చేయిస్తుంది. సూక్ష్మజీవులు దాడి చేసినప్పుడు వాటికి ఇనుము దొరక్కుండా చేసే ఏర్పాటు ఇది.

ఊబకాయంలో సూక్ష్మజీవులు ఉండవు, కానీ ఉబ్బిన కొవ్వు కణజాలం ఐఎల్-6 లాంటి సంకేతాలను ఆగకుండా విడుదల చేస్తుంటుంది. దీన్ని తక్కువ స్థాయి ఇన్‌ఫ్లమేషన్ అంటారు. కాలేయానికి తేడా తెలియదు. హెప్సిడిన్ పెరుగుతుంది, ద్వారాలు మూతపడతాయి, తిన్న ఇనుము పేగు కణంలోనే ఉండిపోయి ఆ కణంతో పాటే రాలిపోతుంది.

ఇది రక్తపరీక్షను ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 34 ఏళ్ల మహిళ, బీఎంఐ 31, హీమోగ్లోబిన్ 10.8, ఇనుము నిల్వను సూచించే ఫెర్రిటిన్ లీటరుకు 60 మైక్రోగ్రాములు, ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్‌పీ లీటరుకు 12 మిల్లీగ్రాములు. ఫెర్రిటిన్ 15 కంటే తక్కువుంటేనే ఇనుము కొరత అన్న మామూలు హద్దుతో చూస్తే ఈమెకు కొరత లేదు. కానీ ఇన్‌ఫ్లమేషన్‌లో ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో అలాంటి పెద్దవాళ్లకు హద్దును 70గా పెట్టింది. ఆ లెక్కన ఈమెకు కొరత ఉన్నట్టే. మరో పరీక్షతో సరిచూడవచ్చు. సీరం ఇనుము డెసిలీటరుకు 42 మైక్రోగ్రాములు, ఇనుమును మోసే మొత్తం సామర్థ్యం 350 అయితే, 42ను 350తో భాగిస్తే 12 శాతం. సాధారణంగా ఇది 20 శాతం పైన ఉండాలి. కణజాలానికి ఇనుము అందడం లేదని ఈ అంకె చెబుతోంది.

అసలు ఇది నిజమైన కొరతా, దాచిపెట్టడం వల్ల వచ్చిన కొరతా అన్నదానిపై పరిశోధకుల్లో రెండు వాదాలున్నాయి. తిండిలో నాణ్యత లేకపోవడం, పెద్ద ఒంటికి ఎక్కువ రక్తం కావలసి రావడం వల్ల నిల్వలే అడుగంటాయనేది ఒకటి. నిల్వలున్నా హెప్సిడిన్ తాళం వేసిందనేది మరొకటి. మన ప్రాంతంలో, పాలిష్ బియ్యం మీద బతికే ఇళ్లలో, నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉన్న మహిళల్లో రెండూ కలిసి ఉండటానికే అవకాశం ఎక్కువ. మరోవైపు, కాలేయంలో కొవ్వు చేరిన కొందరు మగవాళ్లలో ఇనుము నిజంగానే పేరుకుపోతుంది. వాళ్లకు ఇనుము మాత్ర మేలు చేయదు, కీడు చేయవచ్చు. ఒకే ఊబకాయం ఒకరిలో కొరతకూ మరొకరిలో మిగులుకూ దారితీయగలదు.

హెప్సిడిన్ తెలిశాక మాత్ర వేసే పద్ధతి మీద కూడా ఆలోచన మారింది. 60 మిల్లీగ్రాముల ఇనుము మాత్ర వేసుకున్నాక దాదాపు 24 గంటలపాటు హెప్సిడిన్ ఎక్కువగానే ఉంటుంది, మర్నాటి మాత్ర సరిగా ఒంటబట్టదు. ఇనుము నిల్వలు తక్కువున్న మహిళల్లో రోజు విడిచి రోజు ఇచ్చినప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఒంటబట్టే వాటా పెరిగిందని 2017లో వెలువడిన అధ్యయనం చూపింది.

జింకు: తక్కువ కనిపించడం వేరు, తక్కువ కావడం వేరు

ఊబకాయుల సీరంలో జింకు సగటున తక్కువ. చాలా దేశాల అధ్యయనాల్లో ఇది కనిపిస్తుంది. కానీ ఒంట్లో ఉండే సుమారు 2 గ్రాముల జింకులో ప్లాస్మాలో తిరిగేది 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే. మిగతాది చాలావరకు కండరాల్లో, ఎముకల్లో ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్‌లో ఐఎల్-6 ప్రభావంతో కాలేయం రక్తంలోని జింకును లోపలికి లాక్కుంటుంది. ఇనుము కథే ఇక్కడా: మొత్తం తగ్గకపోయినా రక్తంలో తగ్గినట్టు కనిపిస్తుంది.

కొలతలో జరిగే తప్పులు వేరే. ఉదయం పరగడుపున తీసిన రక్తంలో జింకు ఎక్కువ, భోజనం తర్వాత తగ్గుతుంది. ఎర్రకణాలు చితికితే వాటిలోని జింకు సీరంలో కలిసి అంకె పెరుగుతుంది. గొట్టం మూత రబ్బరులో జింకు ఉంటే అది నమూనాలోకి దిగుతుంది. సీరాన్ని వేరు చేయడం ఆలస్యమైతే కణాల నుంచి జింకు బయటికి వస్తుంది. పరగడుపు హద్దులు మహిళలకు డెసిలీటరుకు 70, మగవాళ్లకు 74 మైక్రోగ్రాములు. అంత సన్నటి తేడాల దగ్గర వీటిలో ఏ ఒక్క పొరపాటైనా ఫలితాన్ని హద్దుకు ఇటో అటో దాటించగలదు. వెంట్రుకల పరీక్షల మీద ఆధారపడటం ఇంకా కష్టం, షాంపూ దగ్గర నుంచి జుట్టు పెరిగే వేగం దాకా అన్నీ అంకెను మారుస్తాయి.

జింకు అవసరం లేదని దీని అర్థం కాదు. క్లోమంలోని బీటా కణాల్లో ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింకు అయాన్ల చుట్టూ చేరి నిల్వ ఉంటాయి. ఆ సంచుల్లోకి జింకును పంపే రవాణా ప్రోటీను జింక్‌టీ8. అది పనిచేయకపోతే మధుమేహం రావాలని ఎవరైనా ఊహిస్తారు. 2014లో వెలువడిన పెద్ద జన్యు అధ్యయనంలో తేలింది తలకిందులు: ఆ జన్యువు ఒక నకలు పాడైనవాళ్లలో టైప్-2 మధుమేహం ముప్పు దాదాపు 65 శాతం తక్కువ. జీవరసాయన శాస్త్రంలో ‘ఇది దానికి కావాలి కాబట్టి ఇది ఎక్కువుంటే మంచిది’ అన్న తర్కం ఎంత బలహీనమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

జింకు నిజంగా తక్కువ పడే దారి మన పళ్లెంలోనే ఉంది. ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ జింకును పట్టుకుని పేగు దాటనివ్వదు. దాన్ని మోల్ నిష్పత్తితో, అంటే బరువులను అణుభారాలతో భాగించి వచ్చే అంకెల నిష్పత్తితో అంచనా వేస్తారు. రోజు తిండిలో 1500 మిల్లీగ్రాముల ఫైటేట్, 8 మిల్లీగ్రాముల జింకు ఉన్నాయనుకుందాం. 1500ను ఫైటేట్ అణుభారం 660తో భాగిస్తే 2.27, ఎనిమిదిని జింకు అణుభారం 65.4తో భాగిస్తే 0.122. నిష్పత్తి దాదాపు 18.6. ఇది 15 దాటితే శోషణ బాగా పడిపోతుందని లెక్క. అందుకే భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో మగవాళ్లకు 17, ఆడవాళ్లకు 13.2 మిల్లీగ్రాముల జింకు ఉంది. అమెరికాలో అదే 11, 8. గింజలు మొలకెత్తినప్పుడూ, ఇడ్లీ, దోసె పిండి పులిసినప్పుడూ ఫైటేజ్ అనే ఎంజైము ఫైటేట్‌ను విడగొడుతుంది.

క్రోమియం: ఆరు దశాబ్దాల తగువు

1957లో క్లాస్ ష్వార్జ్, వాల్టర్ మెర్ట్జ్ ఎలుకల్లో చక్కెరను అదుపులో ఉంచే పదార్థమేదో బ్రూవర్స్ ఈస్ట్‌లో ఉందన్నారు. 1959లో దాని సారం మూడు విలువల క్రోమియం అని ప్రకటించారు. 1977లో కెనడాలో మూడేళ్లకు పైగా నరం ద్వారానే ఆహారం ఎక్కించుకుంటున్న రోగికి బరువు తగ్గి, చక్కెర అదుపు తప్పి, నరాలు దెబ్బతింటే, రోజుకు 250 మైక్రోగ్రాముల క్రోమియం ఇచ్చాక సర్దుకుందని నివేదించారు. 2001లో అమెరికా మగవాళ్లకు 35, ఆడవాళ్లకు 25 మైక్రోగ్రాములు సరిపోతాయని అంచనా కట్టింది. 2014లో యూరోపియన్ ఆహార భద్రత సంస్థ అదే సాక్ష్యాన్ని చూసి, క్రోమియం అవసరమైన పోషకమనడానికి నమ్మదగిన ఆధారం లేదని, కాబట్టి రోజువారీ అంకె పెట్టడమే సరికాదని తేల్చింది.

ఇంత తేడా ఎలా వచ్చింది? ఒక కారణం కొలత. రక్తంలో క్రోమియం అతి స్వల్పం. స్టీలు సూది, స్టీలు మిక్సీ బ్లేడు, ప్రయోగశాల దుమ్ము, వీటిలో దేనిలోనైనా నమూనాలో ఉన్నదాని కంటే ఎక్కువ క్రోమియం ఉంటుంది. 1980 ప్రాంతంలో మెరుగైన పరికరాలు వచ్చాక, అంతకుముందు అచ్చయిన రక్త, మూత్ర అంకెలు పది రెట్లకు పైగా ఎక్కువని తెలిసింది. ఆ తప్పుడు అంకెలమీద కట్టిన తీర్మానాలన్నీ కదిలిపోయాయి. రెండో కారణం మరింత మౌలికం: ఇప్పటిదాకా క్రోమియం లేకపోతే ఆగిపోయే ఎంజైము ఒక్కటీ దొరకలేదు. క్రోమోడ్యులిన్ అనే చిన్న పెప్టైడు నాలుగు క్రోమియం అయాన్లను పట్టుకుని ఇన్సులిన్ గ్రాహకానికి తోడ్పడుతుందని ప్రతిపాదన ఉంది, కానీ అది జింకు ఎంజైముల స్థాయిలో రుజువు కాలేదు.

ఎలుకల్లో రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2010లో జాతీయ పోషకాహార సంస్థ బృందం ఆడ ఎలుకలకు దాణాలో క్రోమియాన్ని 65 శాతం తగ్గించి పెంచింది. వాటికి పుట్టిన పిల్లల్లో శరీర కొవ్వు, ముఖ్యంగా పొట్ట లోపలి కొవ్వు పెరిగింది. 2011లో అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయ బృందం లోహం తగలని పంజరాల్లో, వీలైనంత తక్కువ క్రోమియం ఉన్న దాణాతో ఎలుకలను పెంచింది. వాటి బరువులోగానీ చక్కెర అదుపులోగానీ లోపమేమీ కనిపించలేదు. ఇవి ఒకదాన్నొకటి కొట్టిపారేసే ఫలితాలు కావు. రెండోది పెరిగిన ఎలుకను చూసింది, మొదటిది గర్భంలో కొరతను చూసింది. గర్భంలోని ప్రభావాన్ని లోహం తగలని పంజరాల్లో మళ్లీ పరీక్షిస్తే తప్ప ఈ తగువు తెగదు.

మనుషుల్లో బరువు సంగతికొస్తే, వైద్య పరీక్షలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2013 సమీక్ష క్రోమియం పికోలినేట్ మీద 622 మందితో జరిగిన 9 పరీక్షలను కలిపి చూసింది. 12 నుంచి 16 వారాల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే సుమారు 1.1 కిలోలు తగ్గారు. అధ్యయనాల నాణ్యత తక్కువని, ఆరోగ్యపరంగా ఆ కిలో ఎంత పనికొస్తుందో చెప్పలేమని సమీక్షకులు రాశారు. అమ్మేవాళ్లు మొదటి వాక్యం చూపిస్తారు, రెండోది చూపించరు.

సెలీనియం: ఎక్కువైతే ఎదురుతిరిగే ఎంజైము

గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ సెలీనియం ఎంజైము అని 1973లో తెలిసింది. హైడ్రోజన్ పెరాక్సైడును నీరుగా మార్చి కణాన్ని కాపాడుతుంది. ఊబకాయంలో పెరాక్సైడు ఎక్కువ కాబట్టి ఈ ఎంజైము ఎక్కువుంటే మేలనిపిస్తుంది. 2004లో దీన్ని ఎక్కువగా తయారుచేసే చుంచెలుకలను పుట్టించి చూస్తే, 24 వారాల వయసుకు అవి లావెక్కాయి, రక్తంలో చక్కెర, ఇన్సులిన్ రెండూ పెరిగాయి.

కారణం ఇన్సులిన్ సంకేతంలో ఉంది. ఇన్సులిన్ గ్రాహకానికి తగిలినప్పుడు కణం కావాలనే క్షణకాలం కొంచెం పెరాక్సైడు తయారు చేస్తుంది. అది సంకేతాన్ని ఆపే ఫాస్ఫటేజును కాసేపు పనిచేయకుండా చేస్తుంది. పెరాక్సైడును మొత్తం తుడిచేస్తే ఆ ఫాస్ఫటేజ్ అడ్డులేకుండా పనిచేసి, ఇన్సులిన్ మాట కణం లోపలికి చేరదు. మనుషుల్లో ఆధారం రెండు వైపులా ఉంది. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చిన ఒక అమెరికన్ పరీక్షను 2007లో విశ్లేషిస్తే మధుమేహం ముప్పు 1.55 రెట్లు కనిపించింది. అదే మోతాదుతో 35,533 మంది మగవాళ్లతో సాగిన సెలెక్ట్ అనే పరీక్షలో స్పష్టమైన పెరుగుదల తేలలేదు. ఆ రెండో పరీక్షలో చేరినవాళ్లకు ముందే సెలీనియం సరిపడా ఉంది. మేలు జరుగుతుందని మాత్రం రెండింటిలో ఏదీ చెప్పలేదు.

సీసా మీది అంకె, ఒకదాన్నొకటి నెట్టే లోహాలు

లోహం ఒంటరిగా మాత్రలో ఉండదు, లవణంగానో మరో అణువుతో కలిసో ఉంటుంది. క్రోమియం పికోలినేట్ అణుభారం సుమారు 418, అందులో క్రోమియం 52, అంటే 12.4 శాతం. ‘క్రోమియం పికోలినేట్ 200 మైక్రోగ్రాములు’ అంటే క్రోమియం 25 మైక్రోగ్రాములే. ‘క్రోమియం, పికోలినేట్ రూపంలో, 200 మైక్రోగ్రాములు’ అంటే దానికి ఎనిమిది రెట్లు. రెండు సీసాల మీదా పెద్ద అక్షరాల్లో 200 అనే ఉంటుంది. ఏడు నీటి అణువులున్న ఫెర్రస్ సల్ఫేట్‌లో ఇనుము 20 శాతం, 300 మిల్లీగ్రాముల మాత్రలో 60 మిల్లీగ్రాములు. అలాంటి జింకు సల్ఫేట్‌లో జింకు 22.7 శాతం, 220 మిల్లీగ్రాముల గుళికలో దాదాపు 50.

ఆ 50 మిల్లీగ్రాముల దగ్గరే రాగి సమస్య మొదలవుతుంది. జింకు ఎక్కువైతే పేగు కణాలు మెటల్లోథయొనీన్ అనే ప్రోటీనును ఎక్కువగా తయారు చేస్తాయి. అది జింకు కంటే రాగిని గట్టిగా పట్టుకుంటుంది, ఆ రాగి రక్తంలోకి రాకుండా కణంతో పాటు రాలిపోతుంది. లోహాలు ఒకదాన్నొకటి నెట్టడం తెలంగాణకు కొత్త కాదు. 1970ల్లో నల్గొండ ఫ్లోరోసిస్ గ్రామాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతుంటే, నాగార్జునసాగర్ తర్వాత భూగర్భ జలం పైకొచ్చి, నేల క్షారత మారి, జొన్నల్లో మాలిబ్డినం పెరగడం వల్ల పిల్లల ఒంట్లోంచి రాగి ఎక్కువగా పోతోందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వివరించారు. ఎముక కొల్లాజెన్‌ను గట్టిపరిచే లైసిల్ ఆక్సిడేజ్ రాగి ఎంజైము.

జింకు మాత్రల దగ్గర దెబ్బ ఇంత కళ్లకు కట్టినట్టు ఉండదు. ఆరోగ్యవంతులైన మహిళలకు రోజుకు 50 మిల్లీగ్రాముల జింకు 10 వారాలు ఇచ్చినప్పుడు, ఎర్రకణాల్లోని రాగి-జింకు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము పని తగ్గింది. అప్పటికి సీరం జింకు మాత్రం బాగానే కనిపిస్తుంది. అమెరికాలో జింకుకు పెట్టిన 40 మిల్లీగ్రాముల పై హద్దుకు ఆధారం ఈ ఎంజైము కొలతే.